చెల్లికి కాల్లో రక్తపు గడ్డ: ఒక డాక్టరు మందు 3 నెలలు చాలన్నారు, ఇంకొకరు జీవితాంతం అంటున్నారు

కృష్ణలంక_కుర్రోడు
మా చెల్లికి 29. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడు వారాల కిందట ఎడమ కాలి పిక్క బిగుసుకుపోయింది. కండ పట్టేసిందనుకుని రెండు రోజులు బామ్ రాసుకుంది. మూడో రోజుకి కాలు అరటిబోదెలా వాచింది. డాప్లర్ తీస్తే తొడ సిరలో గడ్డ ఉందన్నారు. రక్తం పల్చబడే రివరోక్సబాన్ మాత్రలు మొదలుపెట్టారు, వాపు తగ్గింది. అంతవరకు బాగానే ఉంది.

పీసీఓడీ అని ఎనిమిది నెలలుగా హార్మోన్ మాత్రలు వాడుతోంది. మొదట చూసిన డాక్టరు, గడ్డకు అవే కారణం, అవి ఆపెయ్, పల్చబడే మాత్రలు 3 నెలలు వేసుకుంటే చాలు అన్నారు. మనసు ఆగక ఇంకో చోట చూపించాం. అక్కడ రక్తపరీక్ష రాశారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ అని వచ్చింది. ఇది ఆటోఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడేది), జీవితాంతం మందులు వాడాలి, రేపు గర్భం వస్తే ఇబ్బంది అని రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చి లూపస్ గురించి చదివాక అమ్మ అన్నం మానేసింది. చెల్లికి సంబంధం దాదాపు ఖాయమయ్యే దశలో ఉంది. ఎవరి మాట నమ్మాలి? ఒక్క కాగితం మీద జీవితాంతం అని ఎలా తేలుస్తారు?

సిద్దిపేట_సునీత
లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అంటే లూపస్ జబ్బు కాదు తమ్ముడూ. ముందు ఈ మాట అమ్మకు చెప్పు, అన్నం తింటది. లూపస్ ఉన్నోళ్ల రక్తంలో మొదట చూసిండ్రు కాబట్టి ఆ పేరు పెట్టిండ్రు. నాకు తొమ్మిదేండ్ల నుంచి ఉంది, లూపస్ లేదు. అసలు జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, ఏపీఎస్ అంటరు. ఒంట్ల తప్పుడు యాంటీబాడీలు పుట్టి రక్తం గడ్డలు కట్టిస్తయి. చెల్లెకు అది ఉన్నదో లేదో ఇంకా తేలలేదు. పరీక్ష ఎన్నిసార్లు చేసిండ్రు?

కృష్ణలంక_కుర్రోడు
ఒక్కసారే అక్కా. మాత్రలు మొదలుపెట్టిన మూడు వారాలకి.

సిద్దిపేట_సునీత
అయితే ఇప్పుడే ఏం తేల్చుకోకుండ్రి. కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పాజిటివ్ రావాలె. నాకూ అట్లనే చేసిండ్రు.

రాజమండ్రి_రేవు
నా అనుభవం వేరు. మోకాలి ఆపరేషన్ తర్వాత గడ్డ వచ్చింది. మీ చెల్లెలు వేసుకునే మాత్రలే 3 నెలలు వాడి ఆపేశాను. ఆరేళ్లయింది, మళ్లీ రాలేదు. కారణం కళ్లెదురుగా కనిపిస్తున్నప్పుడు ఇంకా తవ్వుకోవడం దేనికండీ? పరీక్షలు చేయించే కొద్దీ ఏదో ఒకటి బయటపడుతుంది, ఇల్లంతా టెన్షన్. మొదటి డాక్టరు మాటే నాకు సబబుగా ఉంది.

తెనాలి_తులసి
రేవు గారూ, మీది ఆపరేషన్ తర్వాత వచ్చిన గడ్డ. దాన్ని 29 ఏళ్ల అమ్మాయికి వచ్చిన గడ్డతో ఒకే గాటన కట్టకండి. హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు లక్షల మంది ఉన్నారు, అందరికీ గడ్డలు రావడం లేదు కదా. తవ్వకుండా వదిలేసినందుకు నేను ఏం పోగొట్టుకున్నానో తీరిక చూసుకుని రాస్తాను.

నీలి_మూత
ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా గడ్డల పరీక్షలే చేస్తున్నాను. కృష్ణలంక తమ్ముడూ, రెండు సంగతులు చెప్పు. రిపోర్టులో పరీక్ష పేరు డీఆర్‌వీవీటీ అని ఉందా? రక్తం తీసిన రోజు చెల్లెలు మాత్ర వేసుకుందా?

కృష్ణలంక_కుర్రోడు
ఉంది. డీఆర్‌వీవీటీ అనే ఉంది. ఆ మాత్ర తిన్నాకే వేసుకోవాలి కాబట్టి పొద్దున టిఫిన్ చేసి వేసుకుంది. పదకొండింటికి రక్తం తీశారు. మందులేమైనా వాడుతున్నారా అని అక్కడెవరూ అడగలేదు.

నీలి_మూత
నేను అనుమానపడింది అదే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

డీఆర్‌వీవీటీలో ఆర్‌వీవీ అంటే రసెల్స్ వైపర్ వెనం. మన రక్తపింజర విషం. అది రక్తంలో గడ్డ కట్టించే పదో నంబరు ఫ్యాక్టర్‌ను నేరుగా రెచ్చగొడుతుంది, అక్కడి నుంచి గడ్డ కట్టడం మొదలవుతుంది. దానికి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కావాలి. పరీక్షలో ఆ కొవ్వును కావాలనే బాగా పల్చన చేసి వేస్తాం. రక్తంలో ఏపీఎస్ యాంటీబాడీలు ఉంటే ఆ కాస్త కొవ్వునూ అడ్డుకుంటాయి, గడ్డ కట్టడానికి ఎక్కువ సెకన్లు పడుతుంది (ట్యూబులోనే ఇలా, ఒంట్లో మాత్రం ఇవే గడ్డలు కట్టిస్తాయి). తర్వాత కొవ్వు ఎక్కువగా కలిపి మళ్లీ చేస్తాం. అప్పుడు సమయం తగ్గితే పాజిటివ్ అంటాం. మామూలు మనిషి ప్లాస్మాతో (రక్తంలోని ద్రవంతో) సగం సగం కలిపి చూసే మెట్టు కూడా ఉంది. గడ్డ కట్టించే ఫ్యాక్టర్ ఏదైనా తక్కువై ఆలస్యమవుతుంటే, కలిపాక సరిపోతుంది. యాంటీబాడీ అయితే సరిపోదు.

ఇక రివరోక్సబాన్ సంగతి. అది ఆపేది కూడా ఆ పదో ఫ్యాక్టర్‌నే! విషం ఎక్కడ పనిచేస్తుందో మాత్రా అక్కడే కూర్చుంటుంది. యాంటీబాడీ లేకపోయినా సమయం పెరిగి రిపోర్టు పాజిటివ్‌లా కనిపించొచ్చు. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకి రక్తంలో మందు బాగా ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే రక్తం తీశారు. ఆ రిపోర్టు మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ మందులను ప్లాస్మాలోంచి పీల్చేసే బొగ్గు లాంటి పదార్థం కలిపి పరీక్ష చేసే పద్ధతి ఉంది, కానీ అన్ని ల్యాబుల్లో ఉండదు.

ఇంకోటి. నీలి మూత ట్యూబులో రక్తం గీత దాకా నిండాలి. గడ్డ కట్టకుండా ట్యూబులో ముందే వేసి ఉంచే సిట్రేట్ ఒక వంతుకి తొమ్మిది వంతుల రక్తం ఉండాలి. సగం నింపి ఇస్తే లెక్క తప్పుతుంది. తర్వాత ప్లాస్మాను యంత్రంలో రెండుసార్లు గిర్రున తిప్పి ప్లేట్‌లెట్లు తీసేయాలి. ప్లేట్‌లెట్లు మిగిలితే వాటి కొవ్వు యాంటీబాడీలను దాచేస్తుంది, నిజంగా పాజిటివ్ అయినవాళ్లకి నెగటివ్ వస్తుంది. నమూనా ఊరి నుంచి సిటీకి పంపే చోట ఈ జాగ్రత్త తీసుకుంటున్నారో లేదో తప్పకుండా అడగండి.

పాలమూరు_పిల్లోడు
రక్తపింజర కరిస్తే రక్తం ఆగదు కదన్నా? మా తాండాలో ఒకాయనకు చిగుళ్ల నుంచి కూడా కారింది. గడ్డ కట్టిస్తదని మీరంటున్నరు?

నీలి_మూత
రెండూ నిజమే. ఒంట్లోకి ఎక్కిన విషం ఫ్యాక్టర్లను ఒక్కసారిగా రెచ్చగొట్టి ఖర్చు చేసేస్తుంది. ఆ తర్వాత గడ్డ కట్టడానికి సరుకు మిగలదు, అందుకే రక్తం ఆగదు. పరీక్షలో వాడేది బాగా పల్చన చేసింది.

వాల్తేరు_అల
ఈ పాముకి ఇంగ్లిష్ పేరు మా ఊరి నుంచే వెళ్లింది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ప్యాట్రిక్ రసెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేశాడు. ఇక్కడి పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది. అందులో ఈ పాముకి మనవాళ్లు చెప్పిన తెలుగు పేరునే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. ఒంటి మీది నల్లటి మచ్చలకు ఎంత అందమైన పేరో చూడండి. 1934లో ఇంగ్లండులో హీమోఫీలియా వాళ్లకు రక్తం ఆపడానికి ఇదే విషాన్ని పైపూతగా వాడి చూశారు. ఇప్పుడు అదే విషంతో కృష్ణలంక చెల్లెలి రక్తం పరీక్షించారు.

సిద్దిపేట_సునీత
తొమ్మిదేండ్ల నుంచి ఆ పరీక్ష చేయించుకుంటున్న, ఇది నాకు తెల్వదు. కాటుక రేకుల పొడ. మా బిడ్డకు చెప్త.

రాజమండ్రి_రేవు
అంటే ఆ రిపోర్టు తప్పే కదా. నేనన్నదీ అదే. మూడు నెలలు వాడి ఆపేయండి, పెళ్లి పనులు చూసుకోండి.

హెమటో_పీజీ
తప్పు అని కూడా ఇప్పుడే అనలేం. నమ్మలేం, అంతే. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

ఏపీఎస్‌కి చూడాల్సిన పరీక్షలు మూడు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఒకటి. యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్-1 మిగతా రెండు. ఈ రెంటినీ యాంటీబాడీలను నేరుగా కొలిచే ఎలైసా పద్ధతిలో చూస్తారు. గడ్డ కట్టే సమయంతో వాటికి సంబంధం లేదు కాబట్టి మాత్రలు వాడుతున్నా ఫలితం చెడదు. ఆ రెండూ ఈ వారమే చేయించండి. మొదటిది మళ్లీ సరిగ్గా చేయాలంటే, డాక్టరు కొన్నాళ్లు మాత్ర ఆపి పొట్ట మీద వేసే హెపారిన్ సూదులకు (ఇవీ రక్తం పల్చబడేవే) మార్చి, సూది వేసి కనీసం 12 గంటలు గడిచాక రక్తం తీయిస్తారు. ఇది మీ అంతట మీరు చేయకూడదు. మాత్ర ఆపి ఉట్టిగా కూర్చుంటే ఉన్న గడ్డ పెరగొచ్చు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది.

రెండోసారి 12 వారాల తర్వాత ఎందుకంటే, జ్వరాలూ ఇన్ఫెక్షన్లూ వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి వెళ్లిపోతాయి. కోవిడ్ వచ్చినవాళ్లలోనూ ఇలా కనిపించాయి. నిలిచి ఉండేవే ప్రమాదం.

మొదటి డాక్టరు చెప్పింది పూర్తిగా తప్పని నేననను. ఏపీఎస్ ఉన్నా సరే, మొదటి గడ్డకు వేరే కారణం కనిపిస్తే మామూలు వాళ్లంత కాలమే మందు ఇచ్చి ఆపే ఆలోచన యూరప్ సిఫార్సుల్లో ఉంది. కానీ లూపస్ యాంటీకోయాగ్యులెంట్ నిలిచి ఉన్నా, మూడింట్లో రెండు మూడు పాజిటివ్ ఉన్నా, విలువలు బాగా ఎక్కువగా ఉన్నా ఇంకా పొడిగించాలి. అందుకే పరీక్ష అక్కర్లేదనే మాటతో నేను ఏకీభవించను రేవు గారూ. ఎంతకాలం వాడాలో ఆ పరీక్షే చెబుతుంది.

రాజమండ్రి_రేవు
పొడిగించాలన్నా అవే మాత్రలు పొడిగించుకోవచ్చు కదా. రక్తం పల్చబడే పాత మాత్ర వార్ఫరిన్ అంటే నెలనెలా సూది గుచ్చుళ్లు, పత్యాలు. కొత్త మందులు వచ్చాక ఆ పాతదాని వెనక ఎందుకు పడతారు?

ఎడిసన్_వదిన
ఇక్కడ మాత్రం నన్ను అడ్డం రానివ్వండి, ఎందుకంటే ఈ పొరపాటే నా మరిదికి మాట పడిపోయేలా చేసింది. న్యూజెర్సీలో ఉంటాం. అతనికి మూడు పరీక్షలూ పాజిటివ్. వార్ఫరిన్‌తో బాగానే ఉన్నాడు. ఆఫీసు పని మీద ప్రయాణాలు ఎక్కువ, రక్తపరీక్షకు వెళ్లడం కుదరడం లేదని అతనే అడిగి కొత్త మాత్రకు మార్పించుకున్నాడు. ఏడో నెలలో ఒక ఉదయం కాఫీ కప్పు చేతిలోంచి జారిపోయింది. నోరు వంకర పోయింది. ఇప్పుడు మాట తొంభై శాతం వచ్చింది, కుడిచేతి రాత ఇంకా రాలేదు.

ఆ తర్వాత చదివాను. ఇటలీలో మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్న 120 మంది మీద రివరోక్సబాన్‌నీ వార్ఫరిన్‌నీ పోల్చారు. 2018లో ఫలితాలు వచ్చాయి. రివరోక్సబాన్ వాడిన 59 మందిలో నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు. వార్ఫరిన్ వాడిన 61 మందిలో ఒక్కరికీ రాలేదు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2019లో యూరప్ మందుల సంస్థ కూడా ఏపీఎస్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మూడూ పాజిటివ్ అయినవాళ్లకు ఈ మందులు వద్దంది. మా మరిది మాత్ర మార్చుకునేటప్పటికి ఇవన్నీ అచ్చయి ఉన్నాయి. మాకు చెప్పినవాళ్లు లేరు, మేమూ అడగలేదు.

రాజమండ్రి_రేవు
అయ్యో. ఇది నాకు తెలియదమ్మా. నాది వేరే రకం గడ్డ కాబట్టి సరిపోయింది. పైన రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హెమటో_పీజీ
అదే కోవ మాత్ర అపిక్సబాన్‌తోనూ ఇలాంటిదే జరిగింది. 48 మందితో చేసిన చిన్న పరిశోధన అది, 2022లో వచ్చింది. అపిక్సబాన్ వాడిన 23 మందిలో ఆరుగురికి పక్షవాతం, వార్ఫరిన్ వాడిన 25 మందిలో ఎవరికీ లేదు. మామూలు కాలి గడ్డకు ఈ కొత్త మందులు చాలా మంచివి, మేము రోజూ రాస్తాం. ఏపీఎస్ మాత్రం వేరే దారి. అందుకే ఇది ఏపీఎస్ అవునో కాదో తేలడం అంత అవసరం.

పాలమూరు_పిల్లోడు
2023ల అమెరికా, యూరప్ వాళ్లు కలిసి పాయింట్ల పద్ధతి తెచ్చిండ్రని చదివిన. జబ్బు లక్షణాల్లో 3, పరీక్షల్లో 3 వస్తేనే ఏపీఎస్ అంట. గడ్డకు వేరే బలమైన కారణాలుంటే 1 పాయింటే. అట్ల లెక్కేస్తే చెల్లెకు 3 రాకపోవచ్చు. జబ్బు లేనట్టే కదా?

హెమటో_పీజీ
చదివింది సరిగ్గానే చదివావు తమ్ముడూ, వాడకమే తప్పు. ఆ పాయింట్లు పరిశోధనల్లోకి ఒకే రకం రోగులను తీసుకోవడానికి చేసుకున్న లెక్క. 1999 నాటిదీ, 2006 నాటిదీ కూడా అందుకోసం పుట్టినవే. 2023 లెక్కను బాగా బిగించారు. యాంటీబాడీల్లో ఐజీజీ, ఐజీఎం అని రకాలుంటాయి, ఐజీఎం ఒక్కటే పాజిటివ్ అయితే 1 పాయింటే ఇస్తారు, పది వారాల్లోపు పోయిన గర్భాలకు కూడా 1 పాయింటే. పాయింట్లు చాలక బయట ఉండిపోయినవాళ్లకు వైద్యం అక్కర్లేదని దాని అర్థం కాదు. వాళ్లలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లుంటారు.

తెనాలి_తులసి
ఆ బయట ఉండిపోయేవాళ్లలో నేనొకదాన్ని. అందుకే రాస్తున్నాను.

మొదటి గర్భం ఎనిమిది వారాలకి పోయింది. రెండోది తొమ్మిది వారాలకి. మూడోది ఏడు. ప్రతిసారీ అందరూ ఒకటే మాట: చిన్నదానివి, మళ్లీ వస్తుందిలే. మా అత్తగారు నాగప్రతిష్ఠ చేయించారు, నేను మొక్కని దేవుడు లేడు. ఒక్కరు కూడా రక్తం పరీక్షిద్దాం అనలేదు. మూడో దాని తర్వాత నాకు అరచేతుల మీద, తొడల మీద వలలాగా ఊదా గీతలు వస్తున్నాయని చర్మం డాక్టరుకు చూపిస్తే, ఆవిడ గీతలు చూసి గర్భాల గురించి అడిగింది! అప్పటిదాకా ఆ రెండూ కలిపి ఆలోచించిన మనిషే లేదు. యాంటీకార్డియోలిపిన్ ఎక్కువ వచ్చింది, 12 వారాల తర్వాత మళ్లీ ఎక్కువే వచ్చింది.

నాలుగోసారి గర్భం నిలిచిందని తెలిసిన రోజు నుంచే ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్), పొట్ట మీద రోజుకొక ఎనాక్సపారిన్ (హెపారిన్ రకం) సూది. మొదటి పది రోజులు మా ఆయన వేశారు, ఆయన చేతులు వణికేవి, తర్వాత నేనే నేర్చుకున్నాను. పొట్టంతా నీలం మచ్చలు. మొత్తం రెండు వందల ముప్ఫై పైచిలుకు సూదులు. 37 వారాలకి పాప పుట్టింది. ఇప్పుడు రెండో తరగతి.

1997లో లండన్‌లో 90 మంది మీద చేసిన పరిశోధన గురించి మా డాక్టరమ్మ చెప్పింది. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతానికి బిడ్డ దక్కింది, హెపారిన్ కూడా కలిపినవాళ్లలో 71 శాతానికి. నాకు ఆ అంకెలు నోటికి వచ్చు, ప్రతి సూదికీ తల్చుకునేదాన్ని.

హెమటో_పీజీ
తర్వాత చేసిన రెండు పరిశోధనల్లో అంత తేడా కనిపించలేదన్నది కూడా చెప్పాలి తులసి గారూ. అయినా గడ్డ రాకుండా గర్భాలు మాత్రమే పోయినవాళ్లకు ఇప్పటికీ ఆ రెండూ కలిపే ఇస్తున్నారు. మీ చర్మం డాక్టరు గారికి నా దండం.

తెనాలి_తులసి
తేడా ఉందో లేదో పెద్దవాళ్లు తేలుస్తారు. నా కూతురు ఇప్పుడు పక్క గదిలో ఎక్కాలు చదువుతోంది.

గోదారి_గట్టు
నాదీ ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొదటి గర్భంలో మామూలుగా చేసే పరీక్షల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. అది సుఖవ్యాధికి చేసే పరీక్ష. అక్కడి నర్సు నలుగురిలో గట్టిగా చదివేసింది. మా అత్తగారు మా ఆయన్ని అనుమానించింది, మా అమ్మానాన్న ఏమనుకున్నారో నేను అడగలేదు. రెండు నెలలు ఒక ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు మేము. తర్వాత టీపీహెచ్‌ఏ అని అసలు పరీక్ష చేస్తే నెగటివ్. వీడీఆర్ఎల్‌లో వాడేదే కార్డియోలిపిన్ అట. నా రక్తంలో దానికి ఎదురు యాంటీబాడీలు ఉండబట్టి అలా వచ్చింది. ఎవరింట్లోనైనా ఇలా వస్తే, మనిషిని కాదు, ముందు పరీక్షను అనుమానించండి.

సిద్దిపేట_సునీత
అక్కా, చదువుతుంటే గుండె బరువైంది. చెప్పినందుకు మంచిదైంది. ఇది ఎంతమంది ఇండ్లల్లో జరిగిందో.

మిరియాల_చారు
వార్ఫరిన్ ఎలుకల మందు అని విన్నాను. జీవితాంతం విషం మింగే బదులు పరగడుపున వెల్లుల్లి నీళ్లు తాగితే రక్తం పల్చబడుతుంది. మా పెదనాన్న ఎనభై దాకా అలాగే ఉన్నారు.

వాల్తేరు_అల
ఎలుకల మందుగా వాడిన మాట నిజం. ముందు సంగతి కూడా వినండి. అమెరికాలో పాడైపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు నెత్తురు కారి చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాన్నుంచి వచ్చిందే వార్ఫరిన్. 1948లో ఎలుకలకు, 1954లో మనుషులకు అనుమతి దొరికింది. మోతాదే తేడా. దానికి కొలత ఉంది కాబట్టి మందు అయింది. వెల్లుల్లి నీళ్లకి కొలత ఏది?

ఎడిసన్_వదిన
మీ పెదనాన్న గారికి ఏపీఎస్ లేదు కదండీ. దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి.

మిరియాల_చారు
సరేనండి, మంచి మాటే చెప్పాననుకున్నాను. మందు మానమని కాదు. కూరలో వేసుకోవచ్చు కదా?

హెమటో_పీజీ
కూరలో నిక్షేపంగా వేసుకోవచ్చు. వద్దనేది గ్లాసులకు గ్లాసుల నీళ్లూ, క్యాప్సూల్సూ. అంతకంటే ముఖ్యం, వార్ఫరిన్ వాడేవాళ్లు ఒంటి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కోవద్దు, విరేచనాలకు మెట్రోనిడజోల్ సొంతంగా వేసుకోవద్దు. మొదటిది కడుపులో రక్తం కారేలా చేస్తుంది, రెండోది ఐఎన్ఆర్‌ని (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకెని) పెంచేస్తుంది.

చిత్తూరు_చింతచిగురు
గడ్డ కాల్లోనే వస్తుందనుకోకండి. మా వదినకు కాన్పయిన తొమ్మిదో రోజు విపరీతమైన తలనొప్పి, పదో రోజు ఫిట్స్. గాలి సోకిందన్నారు. స్కాన్ తీస్తే మెదడు సిరలో గడ్డ. పచ్చి బాలింత నీళ్లు తాగకూడదని రోజుకి రెండు గ్లాసులు కూడా ఇవ్వలేదు మా ఇంట్లో. కాన్పు తర్వాత ఆరు వారాలు మామూలుగానే గడ్డల ముప్పు ఎక్కువట, దానికి తోడు ఎండిపోయిన ఒళ్లు. దయచేసి బాలింతలకు నీళ్లివ్వండి.

తెనాలి_తులసి
వ్రతానికో తిరుపతికో అని నెలసరి వాయిదా మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా చెప్పాలి ఇది. ఒకసారి గడ్డ వచ్చిన మనిషి డాక్టరుని అడక్కుండా అవి ముట్టుకోకూడదు.

కృష్ణలంక_కుర్రోడు, రెండు వారాల తర్వాత
మీరందరూ చెప్పినట్టే చేశాం. రుమటాలజీ, హెమటాలజీ రెండూ ఉన్న చోటికి తీసుకెళ్లాం. ఆ డాక్టరు గారు నలభై నిమిషాలు కూర్చోబెట్టి విన్నారు. పాత రిపోర్టు చూసి, ఏ మందు మీద తీశారని మొదట అదే అడిగారు. నాకు నీలి మూత అన్న గుర్తొచ్చాడు.

సూదులకు మార్చి మళ్లీ తీశారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ నెగటివ్! ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చేసింది. సాయంత్రం మిగతా రెండూ వచ్చాయి. యాంటీకార్డియోలిపిన్ ఐజీజీ 64, బీటా-2 ఐజీజీ 71. రెండూ 40 దాటితే పట్టించుకోవాల్సినవేనట. అమ్మకు ఆ రెండోది చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నీలి_మూత
ఒక పరీక్ష తప్పుడు కారణంతో నిజం చెప్పినట్టయింది తమ్ముడూ. మొదటి కాగితం నమ్మి ఉంటే పొరపాటు, చింపేసి ఉన్నా పొరపాటే అయ్యేది. 12 వారాలకి ఎలైసా రెండూ ఇదే ల్యాబులో చేయించు. ల్యాబు మారితే అంకెలు పోల్చడం కష్టం.

రాజమండ్రి_రేవు
బాబూ, ధైర్యంగా ఉండండి. సంబంధం వాళ్లకు చెప్పారా?

కృష్ణలంక_కుర్రోడు
అదే పెద్ద గొడవ ఇంట్లో. మేనమామ, తేలేదాకా చెప్పొద్దంటున్నాడు. చెల్లి మాత్రం చెప్పాకే ముందుకు వెళ్దాం అంటోంది.

సిద్దిపేట_సునీత
చెల్లె మాటే మాట. నేను పెండ్లికి ముందే చెప్పిన. ఒక సంబంధం పోయింది. రెండో ఆయన నాతోటి డాక్టర్ దగ్గరికి వచ్చి కాగితం పెన్ను తీస్కొని రాసుకున్నడు. ఆయనే నా మొగుడు. ఇది దాచేది కాదు, రేపు గర్భం అనుకున్ననాడు సూదులు వేయాల్సింది ఆయనే.

తెనాలి_తులసి
దాచిపెడితే ఇంకో ప్రమాదం ఉంది. వార్ఫరిన్ మీద ఉండగా గర్భం వస్తే, ఆరో వారంలోపే సూదులకు మారాలి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఆ మందు బిడ్డ ఎముకలకీ ముక్కుకీ చేటు చేస్తుంది. మొగుడికి తెలియకుండా అదెలా కుదురుతుంది? కాన్పయ్యాక మళ్లీ వార్ఫరిన్ వేసుకోవచ్చు, పాలు ఇవ్వొచ్చు. ఇవన్నీ వాళ్లకు విడమరచి చెప్పండి. జబ్బు పేరు ఒక్కటే చెబితే భయపడతారు.

కృష్ణలంక_కుర్రోడు, మూడు నెలల తర్వాత
రెండోసారి ఫలితాలు వచ్చాయి. 58, 66. నిలిచి ఉన్నాయి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ మళ్లీ నెగటివ్. ఏపీఎస్ అని ఇప్పుడు ధైర్యంగా రాశారు డాక్టరు గారు. మూడింట్లో రెండు పాజిటివ్ కాబట్టి మందు ఆపడం లేదు. వార్ఫరిన్ కోవ మాత్ర అసిట్రోమ్ మీద పెట్టారు, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలన్నారు. ఐఎన్ఆర్ వరసగా 2 దాటేదాకా సూదులూ మాత్రా కలిపి నడిపారు. హార్మోన్ మాత్రలు ఇక ఎప్పటికీ వద్దన్నారు.

సంబంధం వాళ్లకు చెల్లి తనే చెప్పింది. వాళ్లు వారం రోజులు టైమ్ అడిగారు. ఇంకా ఏమీ అనలేదు. చెల్లి మామూలుగా ఆఫీసుకు వెళ్తోంది.

ఒకటి అడగాలి. గోంగూర పూర్తిగా మానేయాలా? గుంటూరులో పుట్టిన మనిషికి ఆ మాట చెప్పలేకపోతున్నాం.

సిద్దిపేట_సునీత
మానొద్దు! ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటది, అది మందుకు ఎదురు పనిచేస్తది, నిజమే. కానీ వారానికి ఎంత తింటదో ప్రతి వారం అంతే తినాలె, అంతే లెక్క. మునగాకు, తోటకూర, పాలకూరకూ ఇదే. పండుగనాడు గిన్నెడు తిని తర్వాత నెల ముట్టకుంటే ఐఎన్ఆర్ ఊగుతది. నేను బుధవారం పాలకూర, ఆదివారం గోంగూర, తొమ్మిదేండ్ల నుంచి తప్పలేదు.

ఎడిసన్_వదిన
చిన్న నోటు పుస్తకం కొనివ్వండి. తేదీ, ఐఎన్ఆర్, వేసుకున్న మోతాదు, కొత్తగా వాడిన మందులు రాసుకోమనండి. మా మరిది ఇప్పుడు ఇంట్లోనే వేలు గుచ్చి మీటరుతో చూసుకుంటున్నాడు. ఎడమచేత్తో రాస్తున్నాడు ఆ పుస్తకం.

కృష్ణలంక_కుర్రోడు
పుస్తకం ఈ సాయంత్రమే కొంటాను వదినా. ఆదివారం గోంగూర అని చెల్లికి మెసేజ్ పెట్టాను, అమ్మకూ పెట్టాను.